వయస్సు మించినదా?

మన యిండ్లలో నిత్యము వినవచ్చు మాటలలో "వయస్సు మించినది" అనునది యొకటి. సంగీతమునకు వయస్సు మించినది, చదువునకు వయస్సు మించినది, క్రొత్తపని నేర్చుటకు వయస్సు మించినది. ఈ మాట పలుకువారెవ్వరును ఆ గడువు ఏ సంవత్సరమున, ఏ తిథినాడు తీరిపోయినదో చెప్పరు. పురుషులకు ఈ గడువు కొంత దీర్ఘము. స్త్రీలకు మిక్కిలి హ్రస్వము. ఇరువది నిండుసరికి కొన్ని తలుపులు మూతపడును. ముప్పది దాటెనా, తక్కినవానికిని గడియ పడును. ఆ గడియ వేసినవారెవరని విచారించితిమేని, అత్తవారో ఆడుబిడ్డలో కాక, పలుమార్లు మనమే యైయుందుము.

ఈ విషయమును గూర్చి కొంతకాలముగా నేను ఆలోచించుచున్నాను. ఆ యాలోచనకు తోడు నిలిచినది ఏ పురాణపాత్రయు గాదు. కొరియాదేశపు టెన్నిసు ఆటగాడొకడు. తండ్రిగారియొద్ద అమరమును రఘువంశమును వల్లించి, పంతులుగారి యింట కాపురము చేయుచున్న దానికి కొరియా టెన్నిసుతో నేమి పని యని మీరు నవ్వవచ్చును. కారణము చెప్పెదను.

మావారు గణితోపాధ్యాయులు. వారి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుని స్థానము ఖాళీగా నుండుటచే ఆటల భారము గూడ వారి తలమీదనే పడినది. రెండు పనులను ఒక్కటిగా చేయనెంచి, వారు ఆటగాండ్ర పట్టికలను తెచ్చి, వానితోనే పిల్లలకు సగటులును నిష్పత్తులును నేర్పుదురు. అట్టి పట్టిక యొకటి ఒకనాటి రాత్రి మా భోజనపుబల్లపై నుండగా చూచితిని. అందు లీ హ్యుంగ్‌తైక్ అను పేరు ప్రక్కను ఒక గడిలో "వయస్సు 31, స్థానము 36" అని యుండెను. ఆతడు తన జీవితమున నందుకొన్న స్థానములలో నదియే మిక్కిలి గొప్పది. ముప్పదియొక్క యేండ్ల వయస్సున! ఆ కాలపు టెన్నిసులో ముప్పది దాటినవానిని ముదుసలిగా నెంచెడివారు. ఆ గడి నన్ను విడువలేదు. ఆతని చరిత్రమంతయు తెలిసికొనవలెనను కోరిక పుట్టినది.

ముందుగా ఈ యాట యేర్పాటు రెండు మాటలలో చెప్పుదును. ఏటేట నాలుగు మహాపోటీలు జరుగును. జనవరిలో ఆస్ట్రేలియాయందు, పిమ్మట పారిసునందు, తరువాత ఇంగ్లండులోని వింబుల్డనునందు, కడపట న్యూయార్కునందు. ప్రతి పోటీలోను 128 మంది పురుషులును 128 మంది స్త్రీలును వేర్వేరుగా ఆడుదురు. ఓడినవారు మూట కట్టుకొని యింటికి. గెలిచినవారు మీది యంచెకు. నాలుగవ యంచెకు చేరుసరికి మిగిలెడివారు 16 మంది మాత్రమే. వరుసగా ఏడుమారులు గెలిచినవారికి బిరుదు. మంచి స్థానము లేనివారికి ఈ 128 మందిలో నేరుగా చోటుండదు. అట్టివారు ముందుగా జరుగు అర్హత పోటీలలో మూడుమారులు గెలిచినగాని సింహద్వారము తెరువరు.

ఇక స్థానము లెక్క. గెలిచిన ప్రతి ఆటకును కొన్ని అంకెలు వచ్చి చేరును. ఆ యంకెల మొత్తమును బట్టి లోకములోని ఆటగాండ్రందరికిని వరుస యేర్పడును. అయితే ఆ యంకెలు 52 వారములు మాత్రమే నిలుచును. ఏడాది తిరిగినంతనే పాతవి రాలిపోవును. నిరుడు పెట్టిన ఆవకాయ ఎంత చక్కగా కుదిరినను, ఈ యేడు కాయలు దిగినప్పుడు మరల కారము దంచవలసినదే గదా! గృహిణికి ఈ న్యాయమును వేరుగ బోధింప నక్కరలేదు. నిన్నటి వంటకు నేడు ఆకలి తీరదు.

లీ హ్యుంగ్‌తైక్ 1976వ సంవత్సరము జనవరి 3వ తేదీన దక్షిణకొరియాలో గాంగ్వన్ అను కొండసీమయందలి హ్వెంగ్‌సాంగ్ అను చోట జన్మించెను. లీ యనునది ఇంటిపేరు. మనవలెనే కొరియావారును ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక చెప్పుకొందురు. ఆ దేశస్థులు విలువిద్యయందును టేక్వాండో యందును లోకప్రసిద్ధులు. టెన్నిసున మాత్రము వారి పురుషులలో నంతవరకు పెద్దపేరు పొందినవాడు లేడు. 1995లో ఈతడు టెన్నిసునే వృత్తిగా గైకొనెను. ముందు నడచినవాడుండెనేని ఆతని యడుగుజాడ చూచి నడువవచ్చును. ఈతనికి అట్టి జాడయు లేదు. బహుమానము స్వల్పము, జనము స్వల్పము, ప్రయాణము మాత్రము దూరము, ఇట్టి చిన్నపోటీలలో పాల్గొనుచు మెల్లమెల్లగా ముందుకు సాగెను.

2000వ సంవత్సరమున న్యూయార్కు పోటీకి వచ్చునాటికి ఆతని స్థానము 182. కావున సింహద్వారమునకు వెలుపలనే నిలిచి, అర్హత పోటీలు గెలిచి లోపలికి వచ్చెను. లోపల అర్జెంటీనా దేశస్థుడును, పోటీలో ముందువరుస వారిలో నొకడునైన ఫ్రాంకో స్క్విల్లారిని ఓడించెను. మరి యిద్దరిని గెలిచెను. నాలుగవ యంచెలో నెదురైనవాడు పీట్ సాంప్రాస్. ఆ సాంప్రాస్ అంతకు రెండు నెలల క్రిందటనే వింబుల్డనులో గెలిచి, తన 13వ మహాపోటీ బిరుదు నందుకొనియుండెను. అంతవరకు పురుషులలో నెవ్వరికిని అన్ని లేవు. అట్టివానితో మొదటి సెట్టులో లీ సరికి సరిగా నిలిచెను. ఇద్దరికిని ఆరేసి గేములు వచ్చి, టైబ్రేకు వరకు పోయి, 7-6గా ఆ సెట్టు చేజారెను. తరువాతి రెండును 6-2, 6-4గా పోయినవి. ఓడినను, మహాపోటీలో నాలుగవ యంచె చూచిన తొలి కొరియా పురుషుడాతడే యయ్యెను. అప్పటి వయస్సు 24.

కథలలోనైనచో ఇక ఆ వీరుడు మెట్టుమెట్టుగా నెక్కుచు నేడాదిలో సింహాసనము నధిష్ఠించును. నిజజీవితమున నట్లు జరుగలేదు. 2001లో అమెరికాలోని హ్యూస్టనున ఒక పోటీ తుదియాట వరకు పోయి ఆండీ రాడిక్ చేతిలో ఓడెను. 2002లో తన దేశమునందే బుసాన్ నగరమున ఆసియా క్రీడలు జరిగెను. స్వజనులందరు చూచుచుండగా తుదియాటలో థాయిలాండు ఆటగాడగు పారడార్న్ శ్రీచఫన్ చేతిలో ఓడి రజతముతో తృప్తిపడెను. జంటల ఆటలో గూడ రజతమే. అందు ఆతనిని ఓడించినవారు మన లియాండర్ పేసును మహేష్ భూపతియు. ఆ బుసాన్ క్రీడలలోనే, అప్పటికి పదునారేండ్లైన నిండని మన హైదరాబాదు బాలిక సానియా మీర్జా పేసుతో గూడి మిశ్రమజంటల ఆటలో కాంస్యము గెలిచెను.

2003వ సంవత్సరము జనవరిలో జరిగిన యొక సంగతి నన్నెక్కువగా నాకర్షించినది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు పోటీ. మహాపోటీ నాలుగవ యంచెలో సాంప్రాసుతో ఆడినవాడు, మరియొక పోటీలో తుదియాట ఆడినవాడు, ఈ సిడ్నీ పోటీకి వచ్చునప్పటికి మరల అర్హత పోటీల వరుసలోనే నిలువవలసి వచ్చెను. పాత అంకెలు రాలిపోయినవి గదా! "నేనెవరనుకొంటిరి? న్యూయార్కున నన్ను చూడలేదా?" యని ద్వారమువద్ద వాదించిన ప్రయోజనము లేదు. అర్హత పోటీలు ఆడెను, గెలిచెను, లోపలికి పోయెను. తుదియాటలో స్పెయిను దేశపు హువాన్ కార్లోస్ ఫెర్రెరోతో తలపడెను. ఆ ఫెర్రెరోయే ఆ సంవత్సరమున పారిసు మహాపోటీ గెలిచి, లోకములో ప్రథమస్థానము నందుకొన్నవాడు. మొదటి సెట్టు 4-6గా పోయెను. తక్కిన రెండును 7-6, 7-6గా లీ గెలిచెను. రెండును టైబ్రేకులే, ఒక్కటి తప్పిపోయినను బిరుదు ఫెర్రెరోదే. పురుషుల వృత్తిపోటీలలో కొరియా దేశస్థుడొకడు గెలిచిన తొలి బిరుదదియే. ఏకాకిగా ఆడు ఆటలలో ఆతడు గెలిచిన బిరుదు మొదటినుండి చివరవరకు అదొక్కటే యని గూడ చెప్పవలసియున్నది.

ఇచ్చట నా సంగతి కొంచెము మనవి చేసికొందును. నేను బడిమెట్టు ఎక్కినదానను గాను. మా తండ్రిగారు పండితులు. ఆడుపిల్లను ఊరుదాటించి బడికి పంపుట వారి కిష్టము లేకపోయెను. చదువు చెప్పకుండుట అంతకన్న నిష్టము లేకపోయెను. అందుచే వీధియరుగుమీదనే నా చదువు సాగినది. అమరము, మూడు కావ్యములు, భారతమున కొన్ని పర్వములు, సిద్ధాంతకౌముది కొంతభాగము. పందొమ్మిదవయేట వివాహమై వచ్చునప్పుడు కౌముది పుస్తకమున నేను ఆగినచోట నెమలియీక యొకటి పెట్టి తెచ్చుకొంటిని. ఇద్దరు బిడ్డలు, మామగారి దీర్ఘవ్యాధి, ఊరూరికి బదిలీలు. పుస్తకము మాతో ఊళ్లన్నియు తిరిగినది గాని నెమలియీక పుటమారలేదు.

ఇప్పుడు నాకు ముప్పదియారేండ్లు. తెలుగుపంతులమ్మ కావలెనని నా కోరిక. కౌముది తెలిసినను, తిక్కన పద్యములు నోటికి వచ్చినను, ఆ యుద్యోగమునకు మొదటి మెట్టు పదవతరగతి పరీక్షయే. బడికి పోనివారికొరకు ప్రభుత్వమువారు సార్వత్రిక విద్యాపద్ధతి నేర్పరచియున్నారు. దానిలో చేరుదునని యింట ప్రస్తావించితిని. రానున్న సంవత్సరమున మా పెద్దపిల్లయు పదవతరగతి పరీక్ష వ్రాయును.

పెండ్లి పిలుపునకు వచ్చియున్న మా పిన్నత్తగారు ఆ మాట విని విస్తుపోయిరి. "అదేమిటే అమ్మాయీ! కూతురితో పాటు బల్లమీద కూర్చుని పరీక్ష రాస్తావా? నీకొచ్చిన చదువు చాలదటే? రేపు పిల్ల నెగ్గి నువ్వు తప్పావనుకో, మా వాడు బళ్లో తలెత్తుకుని తిరగొద్దూ?" అనిరి.

ఆమె నన్ను నొప్పింపవలెనని పలుకలేదు. నా మనస్సులోని భయమునే ఆమె పైకి చెప్పిరి. లెక్కల పంతులుగారి భార్య లెక్కలలో తప్పినదన్న మాట ఒక చిన్న ఊరిలో ఎన్నిదినములు తిరుగునో నాకు తెలియును. నాకు సంధులును సమాసములును వచ్చును, బీజగణితము రాదు. అంతేకాక నా లోపల ఇంకొక గర్వము గూడ నుండెను. రఘువంశము చదివినదానిని పదునైదేండ్ల పిల్లల పరీక్షకు కూర్చుండుమనుట న్యాయమా యని ఆ గర్వము నన్నడుగుచుండెడిది.

సిడ్నీ కథ తెలిసిన పిమ్మట ఈ ప్రశ్న నన్నంతగా బాధింపలేదు. ద్వారమువద్దనున్నవాడు మన పాండిత్యము నవమానించుటలేదు. ఆతనికి కావలసిన చీటీ అడుగుచున్నాడు. చీటీ లేనివారు వరుసలో నిలిచి సంపాదించుకొనవలెను. సాంప్రాసునకు ఎదురునిలిచినవాడు వరుసలో నిలువగా, నేను నిలిచినచో తరిగిపోవునదేమి?

అయినను నాకు మరియొక సందేహము కలిగినది. దానిని దాచి, ఈ కథను మీకు తీయగా వడ్డించుట మర్యాద గాదు. ఆ యాటగాడు 24వ యేటినుండి 31వ యేటివరకు ప్రతిదినమును రాకెట్టు పట్టినవాడు. ఆ యేడేండ్లును ఆతని యభ్యాసమే. మన స్త్రీల కట్లుగాదు. మన యభ్యాసమును పురిటిగది ఆపును, రోగి మంచము ఆపును, బదిలీ ఆపును. పదునేడేండ్లు కదలని నెమలియీకకును, దినము తప్పని రాకెట్టునకును సామ్యమెక్కడిది?

ఈ ప్రశ్నను మావారి ముందు పెట్టితిని. వారు వెంటనే బదులు చెప్పువారు గారు. మరునాడు సాయంకాలము ఇంటికి వచ్చి, "సాయంత్రంపూట మన అరుగు మీదికి వచ్చే పిల్లలకు పద్యాలు చెప్పడం మొదలుపెట్టి ఎన్నేళ్లయింది?" అని అడిగిరి. పండ్రెండేండ్లని చెప్పితిని. "మరి అది అభ్యాసం కాదా?" అని లోపలికి పోయిరి. ఆలోచింపగా నిజమే. పొరుగుపిల్లలకు ప్రతిపదార్థములు చెప్పితిని. మావారి విద్యార్థులకు వ్యాసములు దిద్దిపెట్టితిని. మామగారికి రాత్రులు భారతము చదివి వినిపించితిని. కౌముది ఆగినను భాష ఆగలేదు. ఇంటిపనిలో గలిసిపోయినందున నేను దానిని పేరుపెట్టి పిలువలేదు, అంతియే. నేర్చినవానిలో ఏది నేటికిని చేతియాడికలో నున్నది, ఏది తుప్పు పట్టినది యని మనలో ప్రతివారును ఒకసారి లెక్కచూచుకొనుట మంచిది. ఆడికలో నున్నదానికి వయస్సు మించదు.

మరల మన యాటగాని కథకు వత్తము. 2006లో దోహా ఆసియా క్రీడలలో మరల తుదియాట, మరల రజతము. 2007లో ఆతని యాట పరిపక్వదశకు వచ్చెను. ఆ యేడు వింబుల్డనులో మూడవ యంచె చూచెను. ఆగస్టులో 36వ స్థానము నందుకొనెను. ఆ మాసాంతమున న్యూయార్కు పోటీ ఆరంభమయ్యెను. ఈమారు సింహద్వారము వెలుపల నిలువవలసిన పని లేకపోయెను. రెండవ యంచెలో అర్జెంటీనా ఆటగాడగు గియెర్మో కాన్యాసును గెలిచెను. మూడవ యంచెలో నెదురైనవాడు ఇరువదేండ్ల యువకుడు, ఆండీ ముర్రే. తరువాతి కాలమున వింబుల్డనును రెండుమారులు గెలిచి లోకమున ప్రథముడైనవాడాతడే. ఇద్దరినడుమ పదునొక్క సంవత్సరముల భేదము. లీ మొదటి రెండు సెట్టులను 6-3, 6-3గా గెలిచెను. మూడవది 2-6గా పోయెను. అలసినవానికి అదియే గండము. నాలుగవ సెట్టును 7-5గా గెలిచి ముగించెను. ఏడేండ్లకు మరల నాలుగవ యంచె! అచ్చట రష్యాకు చెందిన నికొలాయ్ దవిదెంకో చేతిలో ఓడెను. ఆ సెప్టెంబరు మాసముననే దేశములకు దేశములు పోరాడు డేవిస్ కప్పులో కొరియా జట్టు స్లొవేకియాను గెలిచి, మరుసటి యేటికి ప్రపంచవర్గమున చేరెను. ఆ జట్టునకు ఈతడే పెద్దదిక్కు.

24వ యేట నాలుగవ యంచె, 31వ యేట నాలుగవ యంచె. ఏడేండ్లలో ఒక్క మెట్టైనను పైకి పోలేదు గదా యని కొందరనవచ్చును. నాకు మాత్రము ఆ రెండును ఒక్కటిగా తోచవు. మొదటిమారు ఆతడెవరో తెలియకయే ఆతనిని ఎదుర్కొన్నారు. రెండవమారు లోకమునకు ఆతని యాటయంతయు తెలిసియుండెను. ఎడమప్రక్క బంతి నెట్లు కొట్టునో, ఎచ్చట తడబడునో యందరెరుగుదురు. అన్నియు తెలిసినవారి నడుమ నిలిచి గెలుచుట మరియొక విద్య. క్రొత్తకోడలు చేసిన పులుసును మెచ్చుకొనుట వేరు. ఇరువదేండ్లు తిన్నవారు మరల వడ్డింపుమనుట వేరు.

ఈ కథలో చేదుభాగము గూడ నున్నది. వయస్సు లేనిదని నేననను. 2009లో, 33వ యేట, ఆతడు ఆటనుండి విరమించెను. 2013లో మరల రాకెట్టు పట్టి కొంతకాలము పోటీలలోనికి వచ్చెను గాని పాతవైభవము మరలిరాలేదు. కాళ్ల వేగమునకు గడువున్నది. దానిని ఏ సంకల్పమును పొడిగింపలేదు. కావున "ఏ వయస్సుననైనను ఏదైనను సాధింపవచ్చును" అను తీపిమాటను నేను మీకు చెప్పబోను. మనము చేయగోరు పనికి నిజమైన గడువున్నదా, లేక నలుగురు నవ్వుదురను జంకే గడువు వేషము వేసికొని నిలిచినదా యని పరీక్షింపవలెనని మాత్రమే చెప్పుదును. పరుగునకు గడువున్నది. వ్యాకరణమునకు లేదు. బీజగణితమునకును లేదని మావారు ప్రమాణము చేయుచున్నారు.

ఒక్కటే బిరుదు, రెండుమారులు నాలుగవ యంచె. ఇంతేనా యని అడుగువారికి నేను మన సాహిత్యమునుండి యొక సంగతి గుర్తుచేయుదును. నన్నయభట్టు భారతమును పూర్తిచేయలేదు. అరణ్యపర్వము నడుమనే ఆయన రచన ఆగిపోయినది. తిక్కన విరాటపర్వమునుండి సాగించెను. ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును పూరించెను. అయినను మనము ఆదికవి యని నన్నయనే కొలుచుచున్నాము. పూర్తిచేసినవాని కీర్తి పూర్తిచేసినవానిది. త్రోవ వేసినవాని కీర్తి త్రోవ వేసినవానిది.

కొరియా టెన్నిసునకు ఆ మొదటి త్రోవ వేసినది నిజమునకొక స్త్రీయే యని విన్నచో మీరు సంతోషింతురు. లీ దుక్‌హీ అను నామె 1981లోనే న్యూయార్కు మహాపోటీలో స్త్రీల విభాగమున నాలుగవ యంచె చేరెను. పురుషులలో నొకడు అచ్చటికి చేరుటకు మరి పందొమ్మిదేండ్లు పట్టినది. మన సానియా మీర్జా 2005లో అదే పోటీలో అదే యంచెకు చేరిన తొలి భారతస్త్రీ యయ్యెను. హ్యుంగ్‌తైక్ తరువాత ఆ త్రోవన చుంగ్ హ్యోన్ వచ్చెను. ఈతడు 2014లో ఇంచన్ ఆసియా క్రీడల జంటల ఆటలో, మన తెలుగువాడైన సాకేత్ మైనేనియు సనమ్ సింగును ఆడిన తుదియాట గెలిచి స్వర్ణము నందెను. 2018లో మెల్బోర్నున నొవాక్ జొకోవిచ్‌ను ఓడించి, నాలుగవ యంచె దాటి, సెమీఫైనలు వరకు పోయి, లీ యొక్క 36వ స్థానమును మించిపోయెను. 2021లో క్వాన్ సూన్‌వూ అనునాతడు కొరియాకు రెండవ బిరుదు తెచ్చెను. మొదటి బిరుదునకును రెండవదానికిని నడుమ పదునెనిమిదేండ్లు గడచినవి. ఆ పదునెనిమిదేండ్లును "మనవారును గెలువగలరు" అని పిల్లలకు చూపుటకు కొరియాలో సిడ్నీ పోటీ యొక్కటే యుండెను.

ఆటనుండి విరమించిన యాతడు ఏమి చేయుచుండెనో గూడ విచారించితిని. చున్‌చాన్ నగరమున పిల్లలకు టెన్నిసు నేర్పు శాల నెలకొల్పెను. నలువది దాటిన పిమ్మట కొరియా టెలివిజనులో ఒక వినోదకార్యక్రమమున చేరెను. అందు మల్లయుద్ధము, బాస్కెట్‌బాలు మొదలగు వేర్వేరు క్రీడలలో ప్రసిద్ధులైన విశ్రాంత క్రీడాకారులు ఒక జట్టుగా జేరి, తమకు రాని ఫుట్‌బాలు ఆటను మొదటినుండి నేర్చుకొందురు. జనులు నవ్వుదురు, వారును నవ్వుచు నేర్చుకొందురు. చేతితో బంతిని అంత గురిగా కొట్టినవాడు కాలితో బంతిని తప్పుగా తన్నుచుండగా దేశమంతయు చూచినది. నలుగురు నవ్వుదురను భయమును ఆతడు ఏనాడో దాటియుండవలెను.

నేను రుసుము చెల్లించితిని. లెక్కల పుస్తకము తెచ్చుకొంటిని. రాత్రి భోజనములైన పిమ్మట మా పెద్దపిల్ల యొకవైపునను నేనొకవైపునను కూర్చుండి ఒకే దీపము క్రింద లెక్కలు చేయుచున్నాము. నాకు తెలుగు సందేహము వచ్చుటలేదు, దానికి లెక్కల సందేహము వచ్చుటలేదు. కావున ఒకరికొకరము పాఠము చెప్పుకొనుచున్నాము. మొన్న వర్గసమీకరణము నొకదానిని సాధించునప్పుడు నేను గుర్తు మార్చుట మరచిన చోట వ్రేలు పెట్టి, "అమ్మా, ఇక్కడ ఋణం ధనం కావాలి" అని అది చెప్పినప్పుడు దాని ముఖమున కలిగిన గాంభీర్యమును చూడవలసినదే! ఇరువైపుల పరీక్షలును వచ్చుచున్నవి. నేను తప్పవచ్చును, నెగ్గవచ్చును. తప్పినచో మరల వరుసలో నిలుతును. ఆ వరుస నాకిప్పుడు పరాయిది గాదు.

మీలో నెవరికైనను పెట్టెయడుగున వీణ గాని, కుట్టుసూది గాని, సగము చదివిన పుస్తకము గాని యున్నచో, నేడే దానిని పైకి తీయుడు. ఎంత తుప్పు పట్టినదో చూడుడు. తుడిచినచో పోవు తుప్పైనచో, వయస్సు మించినదని చెప్పువారిని కూర్చుండబెట్టి, మజ్జిగ యిచ్చి, వారి మాట వినుచునే తుడుచుచుండుడు.